పీపా కడగని ఊరి వైన్

దీపావళి ముందురోజు సాయంత్రం బ్రిక్‌ఫీల్డ్స్ పేటలోని మా ఫ్లాట్‌లో పోయిన నాన్నకు పెడతాం. అన్నం, ఎండుచేపల కూర, వెలిగించిన సిగరెట్, ఇత్తడి గ్లాసులో కల్లు. పెట్టాక తలుపు మూసి అందరం వరండాలోకి పోవాలి. తిరిగొచ్చేసరికి సిగరెట్ చివరిదాకా కాలి ఉంటుంది, కల్లు కాస్త తగ్గి ఉంటుంది. అప్పుడుగానీ అమ్మ భోంచేయదు.

ఆ గ్లాసును అమ్మ ఎన్నడూ తోమలేదు. అడుగున మిగిలిన చుక్క మీదే మరుసటేడు పోసేది. ఆ చుక్క వాసన పట్టుకునే నాన్న, బతికుండగా పనిచేసిన సుంగై సిపుట్ రబ్బరు తోటల నుంచి మా పదో అంతస్తుకు దారి తెలుసుకుంటాడని ఆమె నమ్మకం.

మా ఆయన బుద్ధిమంతుడు. అదే కొంప ముంచింది. పోయినేడు, పెట్టాల్సిన రోజు పొద్దున్నే పండగ దులుపుళ్ళలో ఆ గ్లాసును చింతపండు పెట్టి తళతళలాడేలా తోమేశాడు.

"నల్లగా ఉంది లా అత్తా, అందుకే తోమినాను" అన్నాడు, ఇక్కడివాళ్ళ 'లా' తగిలించి.

అమ్మ అరవలేదు. "ఇంక ఆయనకి దారెలా తెలుస్తాది?" అంది. అప్పటినుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నాకు భయం వేసింది.

నేను పనిచేసేది వైన్ దిగుమతి చేసే కంపెనీలో. హోటళ్ళవాళ్ళకు సీసాల పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంటాను. ఇంట్లో ఒక శాంపిల్ సీసా ఉంది, ఇటలీలో విగొలేనో అనే చిన్న ఊరి విన్ శాంతో, తియ్యటి వైన్. సీసా మీద ఆ పేరు వేయాలంటే ద్రాక్షను చలికాలందాకా ఆరబెట్టాలి, రసాన్ని చిన్న పీపాల్లో పోసి కనీసం ఐదేళ్ళు ఆగాలి. ఇవి రాసుకున్న నిబంధనలు. రాయకుండా పాటించేది ఇంకొకటుంది. పీపా కడగరు. తాతలనాటి మడ్డిని అడుగున ఉంచి, దాని మీదే కొత్త రసం పోస్తారు. ఆ మడ్డిని తల్లి అంటారు.

ఇదంతా అమ్మకు చెప్పి, పాత చుక్క పోయిన మన గ్లాసుకు ఇదే సరైన మందు అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"తెల్లోళ్ళ సారా మీ నాన్నకి పడతాదేటి?" అంది కానీ వద్దనలేదు.

సాయంత్రం సీసా కుదిపి, అడుగునున్న మడ్డితో సహా గ్లాసు నిండా పోసి తలుపు మూశాం.

వరండాలో ముగ్గురమే ఉన్నాం. కింద మోనోరైల్ వెళ్ళిపోయాక, లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. మా ఆయన నా చేయి పట్టుకున్నాడు.

తలుపు తీస్తే ఎండుద్రాక్ష వాసన, ఏళ్ళతరబడి మూసిపెట్టిన గది వాసన. సిగరెట్ అంటించిన చోటే ఆరిపోయి ఉంది. గ్లాసు మాత్రం అడుగంటా ఖాళీ. అమ్మ కోసం, "సూడమ్మా, మొత్తం తాగేసినాడు" అన్నాను.

అమ్మ ఆరిన సిగరెట్‌ను చేతిలోకి తీసుకుంది.

"మీ నాన్న సిగరెట్టు నేకుండా గుక్కెడు కూడా దించడు. వచ్చినోడు ఆయన కాదే."

"మరెవరమ్మా?"

"ఆ మడ్డి వాసన పట్టుకుని ఎవుడొస్తే నాకేటి? మీ నాన్న గుమ్మం దాకా వచ్చే ఉంటాడు. లోపల పరాయోడు కూకున్నాడని సూసి, మొగమాటపడి ఎల్లిపోయినాడు."