గాదె కాళ్ళు కనపడాలి

మా అత్తగారు పోయారు. పొద్దున్నే వాకిట్లో కల్లాపి చల్లి, తాగే నీళ్ళు పట్టి, నడుం నొప్పిగా ఉందని వాలిన మనిషి మళ్ళీ లేవలేదు. ఆ వేళ మా ఊళ్ళో సంత. కబురు సంతంతా పాకేసరికి, బుట్టలు నెత్తికెత్తుకుని కొండదారి పట్టినవాళ్ళు కూడా వెనక్కి తిరిగి మా ఇంటికి వచ్చారు. వచ్చినవాళ్ళు ముందు పెరట్లోకి వెళ్ళి గాదె దగ్గర కాసేపు నిలబడి, ఆ తర్వాతే ఆవిడ దగ్గరికి వచ్చి దణ్ణం పెట్టారు. పరామర్శకు దిగువ నుంచి వచ్చిన మా చుట్టాలకు ఈ తతంగం అర్థం కాలేదు. వాళ్ళకు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

అత్తగారిని మెచ్చుకుంటూ కోడలు రాస్తే ఎవరూ నమ్మరని మా ఆయన అన్నారు. నమ్మకపోతే మానెయ్యండి. ఆవిడతో నేను పడిన తగువులు రాయడానికి కూర్చుంటే ఇంకా చాలా కాగితాలు కావాలి. ఉప్పు దగ్గర తగువు, చీపురు దగ్గర తగువు, నా నడక దగ్గర కూడా తగువే. అయినా ఇవాళ ఇల్లు బావురుమంటోంది.

మాది శృంగవరపుకోట వైపు. మా మామగారు బతికుండగా అరకు దాటి ఈ సంత ఊరికి వచ్చి చిన్న కొట్టు పెట్టారు. ఉప్పు, పొగాకు, కిరసనాయిలు, ఎండు చేపలు అమ్మేవారు. ఇక్కడ కర్రకు కరువు లేదు కనక ఇల్లూ కొట్టూ గాదే అన్నీ కర్రతోనే కట్టారు. ఆయన పోయాక ఆ మొత్తం కర్రకూ కాపలా మా అత్తగారిదే అయింది. దొంగల భయం ఎప్పుడూ లేదు. భయమంతా చెదలకే.

ఆవిడకొక అలవాటుండేది. ఎవరింటికి వెళ్ళినా కూర్చోకముందే గుమ్మాన్ని వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి వినేవారు. "ఇది గట్టిగున్నాది" అనో, "దీని పనైపోనాదొదినా, మార్పించీయండి" అనో తీర్పు చెప్పాకే మంచినీళ్ళు తాగేవారు. నన్ను చూసుకోవడానికి వచ్చినప్పుడూ అదే చేశారు. పిల్లను చూడ్డానికి వచ్చి గుమ్మాన్ని చూసిందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. "గుమ్మం గట్టిది, గుంట కూడా గట్టిదే అవుతాది" అన్నారట. గుంట అంటే మా వైపు పిల్ల.

నేను కాపురానికి వచ్చిన మరుసటేడు మాఘంలో మా పైనున్న కొండపల్లె తగలబడింది. అన్నీ గడ్డి కప్పులు. మనుషులకేమీ కాలేదు, మేకలనూ తప్పించారు. ఆడవాళ్ళు ప్రాణానికి తెగించి విత్తనం బుట్టలు ఈడ్చుకొచ్చారు. చోళ్ళు, అంటే మీరు రాగులంటారే అవి, సామలు, కాసిని కందులు. ఇళ్ళు మళ్ళీ నిలబడేదాకా వాటిని దాచడానికి చోటు లేదు. మా ఎదురింట్లో ఆ పల్లెవాళ్ళ చుట్టం, కొండ ఆవిడే, ఒక పెద్దమ్మ ఉంది. వాళ్ళందరినీ వెంటపెట్టుకుని వచ్చింది.

"సావుకారమ్మా, మీ గాదె పెద్దది. తొలకరి దాకా ఈ ఇత్తనం మీ కాడ ఉంచీ" అంది.

"ఉంచడమేటి ఒదినా, కంటికి రెప్పలాగ సూత్తాను" అన్నారు మా అత్తగారు. మా ధాన్యం బస్తాలకెత్తి మంచాల కిందకు తోయించి, గాదె మొత్తం వాళ్ళకు ఖాళీ చేశారు. ఆ బుట్టల్లో ఉన్నది ఒక పల్లె ఏడాది తిండి. అది పాడైతే ఆ యేడు వాళ్ళు విత్తరు, విత్తకపోతే తినరు. ఇది మాకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

ఇక గాదె సంగతి. కొండవాళ్ళు తమ గాదెలను గుంజల మీద నిలిపి, కింద గాలి ఆడేలా వదిలేస్తారు. మా అత్తగారికి అది మొరటుగా కనిపించేది. మన వైపు పద్ధతిలో నేల నుంచీ పైదాకా పేడా మట్టీ కలిపి మందంగా మెత్తి, పండగ పండక్కీ అలికి, ముగ్గులు పెట్టేవారు. "గాదికి సీర కట్టీసినావు సావుకారమ్మా, కాళ్ళే అవుపడట్నేదు" అని ఎదురింటి పెద్దమ్మ అన్నప్పుడల్లా మెచ్చుకోలనుకుని మురిసిపోయేవారు. ఊరందరి గుమ్మాలూ కొట్టి చూసే మనిషి, తన గాదె గుంజల మీద మాత్రం ఎన్నడూ వేలు వెయ్యలేదు. వెయ్యడానికి గుంజ కనపడితే కదా.

ఫాల్గుణంలో ఒకరోజు కోడిగుడ్ల కోసం గాదె పక్కన వంగి, లేస్తూ గోడ పట్టుకున్నాను. మెత్తిన మట్టి పెచ్చు నా చేతిలోకి ఊడి వచ్చింది. దాని వెనక గుంజంతా చెదల మట్టి దారులే. వేలు పెట్టి నొక్కితే లోపలికి దిగిపోయింది. అత్తగారిని కేకేశాను. ఆవిడ వచ్చి చీపురుపుల్ల గుచ్చి చూశారు. పుల్ల అవతలికి వచ్చింది. ఆవిడ మొహం అంతగా తెల్లబోవడం నేనెన్నడూ చూడలేదు.

"బేగి తలుపు తియ్యే గుంటా. బుట్టలు బయటికి" అన్నారు.

కింది బుట్టల అడుగులు చెదలు తినేశాయి. గింజకింకా ముప్పు రాలేదు. ఒక్కొక్కటీ దులిపి, ఎండబెట్టి, వంటింట్లోకి చేర్చాం. వంట వాకిట్లోకి వచ్చింది. మేం అరుగు మీదకు వచ్చాం. ఆ వంటింటి కప్పు గట్టి వాన పడితే కారుతుంది కనక, వేసవి వానలు దిగేలోగా గాదె బాగుపడి తీరాలి.

నేనైతే గుట్టుగా బాగు చేయించుకుందామనే అనేదాన్నేమో. ఆవిడ ఆ సాయంత్రమే ఎదురింటి పెద్దమ్మను పిలిచి, పల్లెవాళ్ళందరినీ రప్పించారు.

"నా గాదికి సెదలు పట్టీసినాయి. మెత్తింది నాను, తప్పు నాది. ఇత్తనం మా వంటింట్లో ఉంది, లోపలికొచ్చి సూసుకోండి" అన్నారు.

వాళ్ళు చూసుకున్నారు. తీసుకుపోతామని ఒకాయన గొణిగాడు.

"ఏ కప్పు కిందకి తీసుకెల్తావు నాయినా? ఉంచుతానని నోటితో అన్నాను. నానే అప్పజెప్తాను" అన్నారు ఆవిడ. ఆయన ఎత్తిన బుట్ట మళ్ళీ కింద పెట్టేశాడు.

ఆ మర్నాటి నుంచీ మా కొట్టు ముందు చెదల మందుల సభే. మా కొట్టుకు సరుకు తోలే బండివాడు తారు పుయ్యమన్నాడు. ఒకరు కిరసనాయిలన్నారు, ఇంకొకరు వేపనూనె అన్నారు. ఎదురింటి పెద్దమ్మ నల్లజీడి నూనె అంది. మా ఆయన విజయనగరం వెళ్ళి డీడీటీ పొడి డబ్బా పట్టుకొచ్చారు. అప్పట్లో దోమలకని ఇళ్ళకు ఆ మందు కొట్టేవారు. అది ఉండగా ఇంకో ఆలోచనెందుకని ఆయన వాదన. అందరూ ఎవరి మందుకు వారు సాక్ష్యాలు చెప్పేవారు.

"అందరి మాటా ఇన్నాం. ఇంక సెదలేటంతాయో ఇందాం" అన్నారు మా అత్తగారు.

పాత మామిడి చెక్క చీల్పించి మేకులు చెక్కించారు. ఒక్కోదానికి ఒక్కో మందు పట్టించి, గుర్తుకు రకరకాల గుడ్డ పీలికలు కట్టి, గాదె వెనక ఉన్న పుట్ట చుట్టూ పాతారు. ఒకటి మందు లేకుండా ఉత్తదే పాతారు. రోజూ కల్లాపి అవగానే వెళ్ళి, ఒక్కొక్కటీ పీకి చూసి, మళ్ళీ పాతేవారు. ఉత్త మేకును చెదలు ముందే తినేశాయి. కిరసనాయిలు వాసన ఎండకు పోయింది, దాంతోపాటు మేకూ పోయింది. వేపనూనె ఒక జల్లు పడేదాకా ఆగింది. తారు నిలిచింది గాని, ఎండకు కరిగి చుట్టూ కంపు కొట్టింది. గింజకు ఆ వాసన పడితే ఎలాగని పక్కన పెట్టారు. నల్లజీడి నూనె పట్టించినదీ, తెల్ల పొడి పట్టించినదీ చెక్కు చెదరలేదు.

మా ఆయన ఎగిరి గంతేశారు. "సూసినావా? అసలీ పుట్టలోనే డబ్బాడు పొడీ పోసీసి, మరుగునీల్లు ఒంపీత్తే పీడా పోద్ది" అన్నారు.

అక్కడొచ్చింది చిక్కు. ఆ పుట్టకు మా అత్తగారు ఏటా నాగులచవితికి పాలు పోస్తారు, చిమ్మిలి పెడతారు. గాదెకు అంత దగ్గరలో ఉన్నా దాని మీద పలుగు పడనిచ్చేవారు కాదు.

"నీ మొక్కు కోసం ఊరి ఇత్తనం సెదలకి పెడతావేటమ్మా?" అని మా ఆయన గట్టిగానే అడిగారు.

ఆ మాట ఆవిడకు తగిలింది. "మొక్కుకుంది నాను. తవ్వాల్సొత్తే నానే తవ్వుతాను, పాపం నాకే తగుల్తాది" అని మూలనున్న గునపం అందుకున్నారు.

ఎదురింటి పెద్దమ్మ పరుగెత్తుకొచ్చి గునపం పట్టేసుకుంది. "ఒద్దు సావుకారమ్మా. ఈ పుట్ట మాది" అంది.

మేం తెల్లమొహాలు వేశాం. అప్పుడు చెప్పింది. ఈ కొండల్లో ఒక్కో పుట్టకు ఒక్కో ఇల్లు హక్కుదారు. తొలి వానకు పుట్టలోంచి రెక్కలతో లేచే ఉసుళ్ళు ఆ ఇంటివాళ్ళవి. పట్టుకుని వేయించుకుని తింటారు, పిల్లలకు అదే పండగ. ఏటా ఆవిడ ఆ పుట్ట మీద కొమ్మలూ ఆకులూ కప్పేది అందుకే. మా అత్తగారేమో అదీ పూజే అనుకుని, ఈ కొండావిడకు నాగన్న మీద ఎంత భక్తో అని సంబరపడుతూ వచ్చారు.

"ఇందల మందు పోత్తే, వానకి లేచిన ఉసుల్లు మా గుంటలు తింతారు గదా" అంది పెద్దమ్మ.

మా అత్తగారు గునపం వదిలేసి, అక్కడే చతికిలబడి, ముందు నవ్వారు, తర్వాత కళ్ళు తుడుచుకున్నారు. లేచేసరికి నిర్ణయం అయిపోయింది. "ఒరే, పుట్ట కదలదు. గాదే కదుల్తాది" అన్నారు కొడుకుతో.

మందుల సంగతి కూడా అప్పుడే తేల్చేశారు. "నోట్లోకెల్లేదాని కాడొకటి, ఎల్లందాని కాడొకటి" అన్నారు. ఆ తెల్ల పొడి మా వీధరుగు కింది దూలాలకు వెళ్ళింది. గాదెకు నల్లజీడి నూనె, అదీ కింది గుంజలకు మాత్రమే. "మందు ఏసీసినాం గదాని పడుకోకూడదు. కాల్లు అవుపడాల. రోజూ సూసుకోవాల" అన్నారు. ఆ తర్వాత మా ఇంట్లో అది శాసనమైంది.

నల్లజీడి నూనె ఒంటికి తగిలితే పొక్కులెక్కుతాయని పెద్దమ్మ చెప్పింది, నేను చెప్పాను, మా ఆయన చెప్పారు. వినే మనిషా? ఆకులు చుట్టుకున్న చేతులతో కొత్త వేగిస కర్ర గుంజలకు తనే నూనె పట్టించారు. మర్నాటికి మొహం కుండలా వాచింది. చేతుల నిండా పొక్కులు. నేను కొబ్బరినూనె రాస్తుంటే మంచం మీంచే పని చెప్పేవారు. "పొక్కులు నాయి, ఇత్తనం ఆలది. పని ఆపకండి."

పైపల్లె మగవాళ్ళంతా దిగి వచ్చి, ఖాళీ గాదెను భుజాల మీదకెత్తి, పెరటి అవతలి కొసకు మోశారు. తిన్న గుంజలు కోసేసి, కొత్తవి బల్లపరుపు రాళ్ళ మీద నిలబెట్టారు. వాచిన కళ్ళతో ఆవిడ కొత్త గుంజలన్నీ కొట్టి, విని, అప్పుడు బుట్టలు లోపల పెట్టనిచ్చారు. ఆ సాయంత్రమే వాన దంచింది. మర్నాడు ఎదురింటి పెద్దమ్మ ఆకుదొన్నెలో వేయించిన ఉసుళ్ళు తెచ్చింది. మా అత్తగారు రెండు చేతులా అందుకుని, "నా నోటికి రాదు గాని, మా కోడలు తింటాది" అని నాకిచ్చేశారు. తిన్నాను. వేయించిన వేరుశనగ పప్పుల్లా ఉన్నాయి. ఆ యేటి నుంచీ చవితినాడు పెద్దమ్మనడిగి మరీ పాలు పోసేవారు.

తొలకరికి బుట్టలన్నీ అప్పజెప్పాం. పల్లెవాళ్ళు గింజ అరచేతిలో పోసుకుని చూసి సంతోషంగా పట్టుకెళ్ళారు. ఆవిడకు మాత్రం మనసు నిలవలేదు. "మొలవాల గదా" అనేవారు. ఇరుకు వంటింటి ఉక్కకు విత్తనం చచ్చిపోయిందేమోనని బెంగ. అన్నం సయించేది కాదు. ఆషాఢంలో ఒకరోజు, ఎన్నడూ కొండెక్కని మనిషి, చీర దోపుకుని నాతో బయల్దేరారు. దారి పొడుగునా ఆయాసం, దారి పొడుగునా నా నడక మీద తిట్లు.

మలుపు తిరిగేసరికి వాలంతా చోడి మొలక. ఆవిడ తిట్టడం ఆపేశారు. ఆ కొసనుంచి ఈ కొసదాకా తల తిప్పి చూశారు.

"ఇదంతా మన గాదిలోదేనేటే?" అన్నారు.

అవునన్నాను. ఇంతలో చినుకులు మొదలయ్యాయి. "బేగి దిగిపోదాం రా అత్తా, తడిసిపోతావు" అన్నాను.

"నువ్వెల్లు గుంటా. నానింకా అటేపు సూడనేదు" అంటూ, మొలక తొక్కకుండా రాళ్ళ మీదే అడుగులు వేసుకుంటూ ముందుకు సాగారు. వాన పెద్దదైంది. ఆ పచ్చటి వాలు మీద తడిసిన నీలం చీర ఆగి, వంగి చూసి, మళ్ళీ కదిలి, కొండ మలుపు దాకా వెళ్తూనే ఉంది.