వేలిగోరంత భూమి

మా వంశంలో మొట్టమొదట భూమి సంపాదించింది మా అమ్మ. అది కూడా మా ఆయన దుబాయి నుంచి తెచ్చిన ఆట డబ్బాలో.

ఆ డబ్బాను ఆయన తన కోసమే కొనుక్కున్నాడు. రెండు చేతులతో పట్టుకుని ఆడుకునే గేమ్ అది. మధ్యలో తెర, అటూ ఇటూ మీటలు. సెలవు అయిపోయి తిరిగి వెళ్ళేటప్పుడు, రూములో ఆడితే పక్క మంచాల వాళ్ళందరూ అడుగుతారని ఇక్కడే వదిలిపెట్టి పోయాడు. నేను కోరుట్లలో బస్టాండు దగ్గర జిరాక్సు, ఆన్‌లైన్ పనుల దుకాణం నడుపుతాను. పొద్దంతా తెర చూసేదాన్ని ఇంటికొచ్చి ఇంకో తెర చూడాలా అని దాన్ని బీరువా మీదికి విసిరేశాను.

అమ్మ బుగ్గారం దిక్కు పల్లెలో, పెళ్ళయిన నాటి నుంచి నడుము పట్టేసేదాకా, ఊళ్ళోవాళ్ళ చేలల్లో కూలి చేసింది. నాట్లు వేసింది, పసుపు తవ్వింది, అన్నిటికంటే ఎక్కువ కలుపు తీసింది. మాకు గుంట భూమి లేదు. బడి లేని రోజు నేను కూడా వెంట పోయేదాన్ని. చేను గలామె గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడి, ఎవరైనా తాము పట్టిన మొక్కల వరస చివరికి చేరకముందే నడుము ఎత్తితే చాలు, "ముచ్చట్లు తర్వాత, సాలు అయిపోనీయుండ్రి" అని కేకేసేది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

దుకాణం కాస్త నిలదొక్కుకున్నాక అమ్మను కోరుట్లకు తెచ్చుకున్నాను. పని లేక ఆమెకు తిక్క లేచింది. కూలికి పోతానంటుంది, నేను వద్దంటాను, ఇద్దరం అరుచుకుంటాం. డబ్బాలో వ్యవసాయం ఆట ఒకటుందని ఆయన ఫోన్లో చెబితే, నోరు మూయించడానికి తీసి ఇచ్చాను.

ఆ ఆటలో మొదట రాళ్ళూ ముళ్ళకంపలూ నిండిన బీడు ఇస్తారు. ఎవరిది ఈ భూమి అని అడిగింది అమ్మ. నీదేనన్నాను. ఎవరి పేరు మీద ఉందని అడిగింది. తెర మీద ఆమె పేరు కొట్టి చూపించాను. అమ్మకు చదువు రాదు కానీ ఓటరు చీటీ పుణ్యమా అని తన పేరు గుర్తుపడుతుంది. ఆ పూట అన్నం తినడం మరిచిపోయింది.

ఇక మొదలైంది. ఆటలో మొక్కలకు చెంబుతో నీళ్ళు పోయాలి. ఇంత భూమి ఇచ్చినోళ్ళు ఒక బోరు వేయించలేరా అని అమ్మ తిట్లు. విత్తనాలమ్మే బొమ్మ మనిషి ఊరికే నవ్వుతుంటాడు, వాడివి నకిలీ విత్తనాలే అయి ఉంటాయని అనుమానం. పేరు తెలియని విదేశీ పండ్లేవో వేస్తే లాభమని నేను చదివి చెప్పినా వినలేదు. మక్క వేసింది, గుమ్మడి పాదులు పెట్టింది. పసుపు మాత్రం దొరకలేదు. పసుపు పండని భూమి కూడా ఒక భూమేనా అని ఆమె బాధ. ఒక ఆవు ఉంది. దాన్ని రోజూ నిమరాలి, నిమరకపోతే అలుగుతుంది. ఇంకో గుణం కూడా ఉంది ఆ ఆటకు. మనం ఆడకపోయినా అందులో రోజులు గడుస్తూనే ఉంటాయి, కలుపు పెరుగుతూనే ఉంటుంది. అందుకని అమ్మ చుట్టాల పెళ్ళికి పోయినా పొద్దుగూకే వేళకు ఇల్లు చేరేది. ఎందుకంత తొందరంటే చేన్లో పని ఉందనేది, ఏ మాత్రం నవ్వకుండా.

ఆ డబ్బా తెర మూలన రోజూ ఒక ఎర్ర చుక్క వచ్చేది, అప్‌డేట్ చేసుకోమని. దుబాయి నుంచి ఆయన కూడా చేయమన్నాడు. ఊరందరి ఆన్‌లైన్ పనులు చేసిపెట్టే నాకు ఇదొక లెక్కా అనుకున్నాను. బ్యాటరీ అడుగంటి ఉంది. వైరు గోడకు పెట్టి, అప్‌డేట్ నొక్కి, తెర మీద గీత నిండేదాకా డబ్బాను ముట్టొద్దని అమ్మకు ఒకటికి పదిసార్లు చెప్పాను. ముట్టనంది. మాట తప్పలేదు, డబ్బాను ముట్టలేదు.

మిరుగం, అదే మృగశిర కార్తె, ముందటి రోజులు. గీత సగం దాటిందో లేదో, ధర్మపురి దిక్కున మబ్బు పట్టి ఒక్క ఉరుము ఉరిమింది. మా ఇళ్ళల్లో ఉరుము వినబడితే ముందు ప్లగ్గులు పీకుతారు, తర్వాతే ఆరేసిన బట్టలు తీస్తారు. టీవీది పీకుతారు, ఫ్రిజ్‌ది పీకుతారు, ఊపు ఆగకపోతే దేనికీ తగిలించని వైర్లు కూడా పీకుతారు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఇల్లంతా వైర్లు వేలాడుతున్నాయి, డబ్బా తెర నల్లగా ఉంది.

మళ్ళీ చార్జింగ్ పెట్టి మీట నొక్కితే కంపెనీ బొమ్మ వచ్చింది, పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా తిరిగిపోయే చుట్టంలా అదే వరస. నాకు కోపం వస్తే నోటికి గొళ్ళెం ఉండదు. నీ భూమిని నీ చేతులతోనే ముంచుకున్నవ్ అనేశాను. పిడుగు పడితే భూమంతా కాలిపోయేది, నేనే కాపాడిన అంది అమ్మ. అన్నదే కానీ ముఖం మాడిపోయింది. నాకు చాలా జాలేసింది, ఆ జాలి చూపించడం రాక ఇంకో రెండు మాటలు తిట్టాను.

మర్నాడు పొద్దున శాంతపరుద్దామని డబ్బాలోంచి మెమరీ కార్డు తీసి అరచేతిలో పెట్టాను. వేలిగోరంత ఉంటుంది. నీ మక్క, నీ గుమ్మడి, నీ ఆవు అన్నీ ఇందులోనే ఉన్నాయి, డబ్బా పోయినా ఇది ఉంటే భూమి ఉన్నట్టే అని చెప్పాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "గింత దాంట్ల ఆవు ఎట్ల పట్టింది బిడ్డా?" అంది. జాగ్రత్తగా ఉంటుందని కార్డును దేవుని గూట్లో పెట్టి, డబ్బా తీసుకుని జగిత్యాల బస్సెక్కాను.

జగిత్యాలలో సెల్‌ఫోన్లు బాగుచేసే అతను డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు, కొబ్బరికాయను చూసినట్టు. డెడ్ అయిందన్నాడు. సాఫ్ట్‌వేర్ కొట్టాలి, మేము ఫోన్లకే కొడతాం, దీనికి కంప్యూటర్‌తో మీరే కొట్టుకోండి అన్నాడు. డేటా ఉంటుందా అంటే ఆ మాట మాత్రం తనను అడగొద్దన్నాడు.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. అదీ తప్పే. మా దుకాణానికి వచ్చేవాళ్ళల్లో సగం మంది భూమి కాగితాల పని మీదే వస్తారు. ఆన్‌లైన్‌లో తమ పేరు కనబడక నా బల్ల ముందు కళ్ళు తుడుచుకున్న వాళ్ళకు అమ్మ ఎన్నోసార్లు నీళ్ళిచ్చింది. "ఆన్‌లైన్ల పోయిన భూమి మల్ల రాదు బిడ్డా" అంది. కార్డును తనే తెచ్చి డబ్బాలో పెట్టింది. సంచిలో రెండు చీరలు వేసుకుని, భూమి వచ్చినంకనే వస్తానని చెప్పి, సిరిసిల్లలో నా తమ్ముడింటికి పోయింది. ఆవు కంటే పెద్ద అలక.

ఇల్లు బోసిపోయింది. పోట్లాడడానికి మనిషి లేకపోతే అన్నం కూడా సహించదు నాకు.

దుకాణంలో పని తక్కువున్న మధ్యాహ్నాల్లో డబ్బాకు వైరు తగిలించి కూర్చున్నాను. మా ఆయన వీడియో కాల్‌లో చెబుతుంటాడు. ఆ మీట, ఈ మీట, పైనున్న ఇంకో మీట మూడూ ఒక్కసారి నొక్కి పట్టి, అదే సమయంలో కంప్యూటర్‌లో సరే అని నొక్కాలి. నాకున్నవి రెండే చేతులు. ఒక మీటను గడ్డంతో నొక్కి చూశాను, జారింది. పింఛను కోసం వచ్చిన ఒక తాత బెంచీ మీద కూర్చున్నాడు. కూలి పనులకు వేలిముద్రలు అరిగిపోయి మిషను ఆయనను ఎన్నడూ గుర్తుపట్టదు. తాతా, కొంచెం ఇది నొక్కి పట్టు అని అడిగాను. వేలు పడుతదా బిడ్డా అని భయపడ్డాడు. ఆయన పెట్టిన వేలు అదరలేదు, బెదరలేదు. గీత మెల్లగా నిండింది, తెర వెలిగింది. దుబాయిలో ఆయన, కోరుట్లలో నేను ఒకేసారి చప్పట్లు కొట్టాం. ఇక నా పింఛను పడ్డట్టేనా అని అడిగాడు తాత.

కానీ భూమి లేదు. కార్డు లేదంటుంది తెర. తీసి ఫోను లైటు వేసి చూశాను. దాని వెనక బంగారు రంగు పళ్ళుంటాయి. మెరుపు కొంచెం తగ్గినట్టుంది, పాతబడిందేమో అనుకున్నాను. ఊది పెట్టాను, మళ్ళీ ఊది పెట్టాను. లేదు. ఈ మాట ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు. దుకాణం మూసి సిరిసిల్ల పోయాను.

తమ్ముడు సాంచాల మీద పని చేస్తాడు. వాళ్ళ వాడలో ఎటు చూసినా మరమగ్గాలే. ఆ చప్పుడులో పక్కనున్న మనిషికి కూడా అరిచి చెప్పాలి. అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. డబ్బా నా చేతిలో చూసి లేచి నిలబడింది. డబ్బా మంచిగయింది కానీ భూమి కనబడట్లేదు అని మెల్లగా చెప్పాను. వినబడలేదు. మళ్ళీ చెప్పాను. చివరికి గొంతెత్తి అరవక తప్పలేదు.

"భూమి పోయిందే అమ్మా!"

సరిగ్గా అప్పుడే పక్క షెడ్డులో కరెంటు పోయి సాంచాలు ఆగాయి. వాడంతా నా మాట విన్నది. అమ్మ అరుగు మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. చుట్టుపక్కల ఇళ్ళ నుంచి మనుషులొచ్చారు. ఎక్కడి భూమి, ఎవరు గుంజుకున్నరు అని ఒకరు. ఇంకొకాయన, సోమవారం కలెక్టరాఫీసుకు పోయి దరఖాస్తు పెట్టాలి, నేను గూడ వస్త అన్నాడు. అమ్మ ఏడుస్తూనే మక్క కంకి పట్టిందని, గుమ్మడి కాయ దిగిందని చెప్పింది. ఆవు కూడా పోయిందనేసరికి ఆడవాళ్ళు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఇదంతా ఒక ఆట అని నేను చెప్పే సందు దొరకలేదు. దొరికినా ఆ ముఖాలు చూశాక చెప్పలేకపోయేదాన్ని.

ఒకామె వచ్చి, దేవునికి మొక్కినవా అని అడిగింది.

"మొక్కకుంటనా? పసుపు గూడ రాసిన" అంది అమ్మ.

నా బుర్రలో ఏదో కదిలింది. దేనికి రాసినవ్ అని అడిగాను.

"భూమికే. నువ్వు జగిత్యాల పోయిననాడు దేవుని గూట్ల పెట్టినవ్ కదా. ఉట్టిగ మొక్కితె ఏం బాగుంటదని తడి పసుపు వెనక దిక్కు మంచిగ రుద్దిన. కుంకుమ పెడదామంటె జాగ లేకపాయె."

బంగారు రంగు పళ్ళ మీద పసుపు. లైటు వేసుకుని వెతికినా నాకెట్లా కనబడుతుంది? ఆటలో పసుపు లేదని ఆరు నెలలు ఏడ్చిన మనిషి, చివరికి తనే తెచ్చి వేసింది. నవ్వాలో తల బాదుకోవాలో తెలియక రెండూ చేశాను.

తమ్ముడి పిల్లల కంపాసు పెట్టెలోంచి రబ్బరు తీసి, కార్డు పళ్ళ మీద మెల్లగా రుద్దాను. రబ్బరు పచ్చబడింది. కార్డు పెట్టి మీట నొక్కాను. వాడంతా మా మీదికి వంగింది. బొమ్మ వచ్చింది, ఈసారి లోపలికి వచ్చింది. అమ్మ పేరు వచ్చింది. ఆ వెనకే భూమి వచ్చింది.

దరఖాస్తు పెడదామన్న ఆయన, ఇదా భూమి అన్నాడు. అమ్మ కళ్ళు తుడుచుకుని, మరి ఇంకేంది అంది. పక్కనే వంగి చూస్తున్న ముసలామె పెదవి విరిచి, కలుపు మస్తు పెరిగిందంది. నిజమే. మక్క కనబడకుండా గడ్డి కమ్మేసింది, ఆవు ముఖం అటు తిప్పుకుని నిలబడింది. అమ్మ ముందు ఆవును నిమిరింది.

మర్నాడు ఇంటికి పోదామని ఇద్దరం జగిత్యాల బస్సెక్కాం. అమ్మ కిటికీ పక్కన కూర్చుని వేములవాడ దాకా వంచిన తల ఎత్తకుండా కలుపు తీసింది. బొటనవేళ్ళు నొప్పి పుట్టాయేమో, చేతులు దులుపుకుని డబ్బా నా ఒళ్ళో పెట్టింది.

"ఇంతకాలం మందిది తీసిన. ఇది నా కలుపు బిడ్డా. ఇగ నువ్వు జర పట్టు, కూలి ఇస్త."

మా అమ్మ తన బతుకులో ఒకరిని కూలికి పిలవడం అదే మొదలు. డబ్బా అందుకుని, ఒక్కో గడ్డి పోచా పీకడం మొదలుపెట్టాను. బయట నిజం చేలల్లో ఎవరో దున్నుతున్నారు. చూడవే, వాన మంచిగనే పడ్డట్టుంది ఇటు అని తల ఎత్తాను. అమ్మ సీటులో వెనక్కి ఆనుకుని, తలపై కొంగు సర్దుకుంది.

"ముచ్చట్లు తర్వాత. సాలు అయిపోనియ్యి" అంది.