ఆయుధ పూజ తర్వాత మొదటి ఇరవై తూటాలు

ఆ రోజు షూటింగ్ రేంజ్‌లో ఉన్నది ముగ్గురం: అక్క, చాచా, నేను. ఉన్న వస్తువులు: ఒక పాయింట్ టూటూ రైఫిల్, దాన్ని కదలకుండా పట్టుకోవడానికి నేను చేయించిన ఇనుప బిగింపు, నాలుగు తూటా పెట్టెలు, ఇరవై కాగితపు టార్గెట్లు, నా వెర్నియర్ కాలిపర్, ఒక ఫ్లాస్కు చాయ్, దసరాకు మిగిలిన గారెలు స్టీలు టిఫిన్‌లో. రైఫిల్ కట్టె మీద రెండు రోజుల కిందటి పసుపూ కుంకుమా ఇంకా చెరగలేదు. ట్రిగ్గర్ పక్కన ఎండిన బంతిపూరేకు ఒకటి ఇరుక్కుని ఉంటే పట్టకారుతో తీసేశాను. నలకలంటే నాకు పడదు.

అక్క నాకు చుట్టం కాదు. మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతుంది. ఆదివారం పొద్దున్నే రైలెక్కి జనగామలో దిగి, ఆటోలో మా క్లబ్ రేంజ్‌కు వచ్చేది. పాత రాళ్ల క్వారీలో, మట్టికట్ట ఎదురుగా కట్టిన రేకుల షెడ్డు అది. చాచా ఆ రేంజ్ చూసుకునే పెద్దమనిషి. క్లబ్ రైఫిళ్లు, తూటాలు ఉండే బీరువా తాళంచెవి ఆయన నడుముకే ఉంటుంది. నేను మెకానికల్ డిప్లొమా చేసి స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక వర్క్‌షాపులో తయారైన సామాను కొలతలు సరిచూసే ఉద్యోగం చేస్తున్నాను. నేనూ కాలుస్తాను. కానీ కాల్చడం కంటే కొలవడమే నాకు ఇష్టం.

అక్కకు అది ఆఖరి ఏడు. మూడుసార్లు రాష్ట్ర పోటీకి వెళ్లి అర్హత స్కోరుకు కొద్దిలో ఆగిపోయింది. వచ్చే ఏడు నుంచి ఆదివారాలు కూడా స్పెషల్ క్లాసులుంటాయని బడివాళ్లు చెప్పేశారు. "ఈసారి రాలేదనుకో, జాకెట్ చాచా చేతిల పెట్టి పోత తమ్మీ" అంది నాతో. కాల్చేటప్పుడు వేసుకునే క్లబ్ జాకెట్ అది. నవ్వుతూనే అంది. కానీ అక్క ఏదైనా చేస్తానంటే చేసే మనిషి.

అందుకే తూటాల పరీక్ష పెట్టుకున్నాం. ఈ రైఫిల్ తూటాను మనం విప్పి మందు ఎక్కువ తక్కువలు సవరించుకోలేం. కంపెనీ ఎట్లా చేసి పంపితే అట్లాగే కాల్చాలి. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే రంగు పెట్టె అయినా, లాట్ నంబరు, అంటే ఒకేసారి తయారైన బ్యాచ్ నంబరు, మారితే తూటా నడక మారుతుంది. ఒక బ్యారెల్‌కు నచ్చిన లాట్ ఇంకో బ్యారెల్‌కు నచ్చదు. ఎందుకో ఎవరూ గట్టిగా చెప్పలేరు. కాల్చి చూడాలి, అంతే. రైఫిల్‌ను బిగించి, యాభై మీటర్ల దూరంలో ఒక్కో కాగితం మీద పదేసి తూటాలు కాల్చి, ఆ పది రంధ్రాలూ ఎంత దగ్గరగా పడ్డాయో కొలవాలి. దాన్నే గ్రూప్ అంటాం. గ్రూప్ ఎంత చిన్నదైతే లాట్ అంత మంచిది.

క్లబ్ బీరువాలో నాలుగు లాట్లున్నాయి. అందులో ఒకటి అక్క ఆర్నెల్లుగా కాలుస్తున్నది.

ఆయుధ పూజ మా క్లబ్‌లో ఏటా చాచా చేతుల మీదుగానే జరుగుతుంది. రైఫిళ్లన్నీ బయటికి తెచ్చి దుప్పటి మీద వరసగా పెట్టేది ఆయనే. బొట్లు పెట్టేది అక్క. "వీటికి బొట్టు, నాకు బువ్వ. ఎవరి వాటా వాళ్లకు" అని చాచా నవ్విస్తాడు. ఈసారి నేను ఒక అడుగు ముందుకు వేశాను. పూజకు రైఫిల్ మురికిగా ఉండొద్దని, అక్క రైఫిల్ బ్యారెల్ లోపల బ్రష్ పెట్టి తోమి, గుడ్డముక్క తెల్లగా వచ్చేదాకా తుడిచి, నూనె పట్టించాను. బ్యారెల్‌లోంచి ఆకాశంకేసి చూస్తే అద్దంలా మెరిసింది. చాచా కూడా చూశాడు. ఏమీ అనలేదు.

పరీక్ష రోజు మాత్రం అన్నాడు.

"బేటా, మొన్ననే కదా నాలి తోమినవ్. మొదాలు ఓ ఇరవై ఊరికెనే కాల్చు. దానికి జర మైనం పట్టాలె. లాట్ మార్చినప్పుడల్ల గట్లనే చెయ్యి."

బ్యారెల్‌ను ఆయన నాలి అంటాడు. తూటా పైపూత మైనం బ్యారెల్ లోపల పలచగా పట్టేదాకా దెబ్బలు ఒకచోట పడవని ఆయన చెప్పేది. నేను చదివిన దాంట్లోనూ ఆ మాట ఉంది. కానీ నేను లెక్క వేశాను. ఇరవై చొప్పున నాలుగు లాట్లకు ఎనభై తూటాలు. ఒక్కో లాట్‌కు నేను తెచ్చింది యాభై ఉన్న ఒక్క పెట్టె. పదేసి చొప్పున అయిదు గ్రూపులు, అందంగా సరిపోతుంది. ఇరవై పోతే మూడే గ్రూపులొస్తాయి. మూడింటితో సగటు తీయడం నాకు నచ్చలేదు.

"ఇంకో నాలుగు పెట్టెలు తియ్యవా చాచా?"

"తీస్త. మరి పోటీకి నీ నోట్లకెల్లి తూటాలు తీస్తవా?"

అక్క పక్కున నవ్వింది. బీరువాలో నిజంగానే సరుకు తక్కువుంది. నేను వేరే రైఫిల్ కోసం పక్కన పెట్టిన డబ్బాలోంచి అయిదంటే అయిదు తూటాలు ఊరికే కాల్చి, ఇక చాలన్నాను.

"ఏ లాట్ మొదలు?" అని అడిగితే అక్క అంది, "నాది. నా పాతదే ముందుగాల. గంత మర్యాద ఇయ్యవా దానికి?"

ఇచ్చాను.

మధ్యాహ్నానికి ఇరవై టార్గెట్లు అయిపోయాయి. గారెలు కూడా. అక్కడే కూర్చుని కాలిపర్‌తో కొలిచాను. అక్క పాత లాట్ సగటు 17.5 మిల్లీమీటర్లు. మూడోదిగా కాల్చిన కొత్త లాట్ సగటు 15.3. మిగతా రెండూ పద్దెనిమిది దాటాయి.

అక్క కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసింది. "పాతది నా చెయ్యికి అలవాటున్నది తమ్మీ."

"చెయ్యికి కాదక్క, బ్యారెల్‌కు నచ్చాలె. రెండు మిల్లీమీటర్ల తేడా ఉంది చూడు."

"నువ్వు సదువుకున్నోనివి. నువ్వంటె గదే."

చాచా కొత్త లాట్ పెట్టెలు అక్క పేరు మీద పక్కన పెట్టాడు. పాత లాట్ పెట్టెలు మా క్లబ్‌లోనే కాల్చే భూపాలపల్లి తమ్ముడికి రాశాడు. అతను గనిలో పని చేస్తాడు, వేరే రైఫిల్‌తో మగవాళ్ల పోటీకి వెళ్తున్నాడు. పోటీకి ముందురోజు వచ్చి తీసుకుంటానన్నాడు.

పోటీ ఆదివారం. దానికి ముందు గురువారం వర్క్‌షాపులో అన్నం తినేటప్పుడు ఆ ఇరవై కాగితాలూ మళ్లీ ముందేసుకున్నాను. సగటు మాత్రమే కాకుండా గ్రూపులను కాల్చిన వరసలో రాద్దామనిపించింది. అక్క పాత లాట్ ఇట్లా ఉంది: 24.0, 21.1, 14.6, 13.9, 14.1.

మొదటి రెండు కాగితాలూ లాట్ తప్పు కాదు. నేను తోమిన బ్యారెల్, నేను పట్టించిన నూనె. ఆ రెండు కాగితాల మీద ఉన్నవి చాచా ఊరికే కాల్చమన్న ఇరవై తూటాలే. వాటిని తీసేస్తే పాత లాట్ సగటు 14.2. నాలుగింటిలో అదే మంచిది.

ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. పెట్టెలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. నేను చేయలేదు. ఎందుకు చేయలేదో అప్పుడు నాకు మూడు కారణాలు దొరికాయి. మిగిలింది మూడు గ్రూపులే, వాటితో ఏదీ గట్టిగా చెప్పలేం. పోటీ ముందు అక్క మనసు చెదరగొట్టొద్దు. మిల్లీమీటర్ తేడాతో ఏమీ కాదు. మూడూ వినడానికి బాగానే ఉన్నాయి. నాలుగోది నాకు నేను చెప్పుకోలేదు. చాచా చెప్పింది వినలేదని ఆయన ముందు ఒప్పుకోవాలి.

శుక్రవారం సాయంత్రం అక్క జాకెట్ కోసం రేంజ్‌కు వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. బీరువా ముందు నిలబడి చాయ్ తాగుతూ, "అంత మంచిగనే ఉన్నది కద తమ్మీ?" అని అడిగింది.

"బేఫికర్ ఉండక్క" అన్నాను.

ఆదివారం హైదరాబాద్‌లో అక్క అరవై తూటాలు కాల్చి 612.2 తెచ్చుకుంది. అర్హతకు కావలసింది 613. తక్కువైంది 0.8 పాయింటు. టార్గెట్ మీద ఒక పాయింటు అంటే ఎనిమిది మిల్లీమీటర్లు. అరవై తూటాలకు పంచితే ఒక్కో తూటాకు మిల్లీమీటర్‌లో పదో వంతు. ఈ భాగహారం నేను బస్సులో చేశాను. చేయకుండా ఉండాల్సింది.

తర్వాతి ఆదివారం ముందుగా వచ్చింది భూపాలపల్లి తమ్ముడు. అరకిలో కలాకంద్ పట్టుకొచ్చాడు.

"అన్నా, నోరు తెరువు! నువ్వు ఫెయిల్ చేసిన తూటాలతోటే నేను పాసైన!" అని నా నోట్లో ముక్క కుక్కాడు. వాడని పెట్టె ఒకటి మిగిలిందని చాచాకు తిరిగిచ్చాడు. అతని రైఫిల్ వేరు. అతను గెలవడం అక్క రైఫిల్ గురించి ఏమీ చెప్పదు. అది నాకు తెలుసు. అయినా రెండో ముక్క తీసుకోలేదు.

అతను వెళ్లాక అక్క వచ్చింది. జాకెట్ మడతపెట్టి బల్ల మీద పెట్టింది.

"చాచా, ఇగో నీ అమానతు. నా చెయ్యే ఆగలేదు. వయసైపోయినట్టుంది." నావైపు తిరిగింది. "నువ్వు మస్తు కష్టపడ్డవ్ తమ్మీ. నీ తూటాలది ఏం తప్పులేదు."

అక్కడిదాకా వచ్చాక ఇక ఉండలేకపోయాను. సంచీలోంచి కాగితాలు తీసి, వరసగా పరిచి, మొదటి రెండింటి మీద వేలు పెట్టి చెప్పాను. తోమింది, నూనె, ఇరవై తూటాలు, సగటు. వినేంతసేపూ అక్క కాగితాలనే చూసింది.

"ఎప్పుడు చూసినవ్ గిది?"

"గురువారం."

"పోటీ ముందటి గురువారమా?"

"ఔనక్క."

"పెట్టెలు యాడున్నయి అప్పుడు?"

చాచా చెప్పాడు. "గీ బీరువలనే బిడ్డా. ఆ పిలగాడు శనివారం వచ్చి పట్టుకపోయిండు."

"అంటె శుక్రవారం నేను వీటి ముంగటనే నిలబడి చాయ్ తాగిన." కాగితాల మీద నుంచి తల ఎత్తింది. "నిన్ను అడిగిన గూడ."

తిట్టి ఉంటే బాగుండేది. చాచా కూడా ఆ ఇరవై తూటాల మాట ఎత్తలేదు. గ్లాసులు కడగడానికి బయటికి వెళ్లాడు.

"మళ్ల చెయ్" అంది అక్క. "సరిగ్గ చెయ్."

"ఇప్పుడేం లాభం అక్క?"

"నాకు తెల్వాలె. పోయింది నా చెయ్యితోనా, నీ లెక్కతోనా. తెల్వకుంట జాకెట్ ఇచ్చి పోను."

తిరిగొచ్చిన పాత లాట్ పెట్టె ఒకటి, కొత్త లాట్ పెట్టె ఒకటి. బ్యారెల్‌కు ఎవరం గుడ్డ కూడా తగిలించలేదు. రైఫిల్ బిగించాను. ఒక్కో లాట్‌కు ముందు ఇరవై ఊరికే మట్టికట్టలోకి కాల్చాం. చాచా గుమ్మంలో నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టాడు. తర్వాత పదేసి చొప్పున మూడు గ్రూపులు. నేను పెన్ను తీస్తే అక్క చెయ్యి చాపింది. "గిటియ్యి." కాలిపర్ కూడా తీసుకుంది. ఎట్లా పట్టాలో ఒక్కసారి అడిగింది, చూపించాను. తర్వాత నన్ను చూడకుండా ఆరు కాగితాలూ కొలిచింది.

కొత్త లాటే గెలవాలని ఆ పది నిమిషాలూ నేను కోరుకున్నాను. దాచిపెట్టడం ఏం లేదు. అదే కోరుకున్నాను.

అక్క రెండు సగటులూ కాగితం అడుగున రాసి, గీత గీసి, కాగితం నావైపు తిప్పింది. జాకెట్ ఇంకా బల్ల మీదే ఉంది. చాచా దాన్ని ముట్టుకోలేదు.

పాత లాట్ 14.1. కొత్త లాట్ 15.4.