రోజుకు ఎనిమిది చొక్కాలు

బుధవారం పదకొండు గంటలకు కోర్టు వరండాలో కాలరక్క తన లాయరును మొదటిసారి చూసింది. కోర్టు ఉచితంగా ఇచ్చిన లాయరు. ఆ పూట ఆవిడ చేతిలో మరో ఆరు కేసులున్నాయి.

"ఏం పని వచ్చని జడ్జిగారు అడిగితే, ఏమీ రాదని చెప్పక్కా."

"ఏమీ రాదనాలా మేడమ్?"

"అంతే. ఇంకో మాట వద్దు."

కాలరక్క పన్నెండేళ్లు భర్త టైలర్ షాపు వెనకగదిలో కూర్చుని చొక్కాలు కుట్టింది. ముందుగదిలో ఆయన కొలతలు తీసేవాడు, బిల్లు రాసేవాడు. బోర్డు మీద ఆయన పేరే, మిషను రసీదు మీదా ఆయన పేరే. ఆమె వేసిన కాలరు మాత్రం ఎన్ని ఉతుకులు పడ్డా తల వంచేది కాదు. వీధి ఆమెకు ఆ పేరు అందుకే పెట్టింది.

ఇప్పుడాయన విడాకులు కోరాడు. ఆమె రెండే అడిగింది: నెలనెలా భరణం, తను కుట్టిన మిషను.

లోపల జడ్జి ముందు భర్త లాయరు లావుపాటి ఫైలు తెరిచాడు. "ఈవిడ షాపులో పనిచేసిందనేది కట్టుకథండీ. ఎప్పుడైనా నాలుగు గుండీలు కుట్టిందేమో."

గుండీలనేసరికి కాలరక్కకు ఒళ్లు మండింది.

"గుండీలా? రోజుకు ఎనిమిది చొక్కాలయ్యా! మిషను ఇక్కడ పెట్టించండి, ఇప్పుడే కుట్టి చూపిస్తా. ముందు మీ నల్లకోటు కాలరు చూసుకోండి లాయరుగారూ, ఎడమపక్క లేచింది. అదెవరు కుట్టారో గానీ నేను మాత్రం కాదు."

హాలంతా నవ్వింది. జడ్జి కూడా నవ్వి, ఏదో రాసుకున్నాడు. ఆమె లాయరు తల పట్టుకుంది.

మూడు వారాలకు తీర్పు వచ్చింది. రోజుకు ఎనిమిది చొక్కాలు కుట్టగల మనిషి తన పొట్ట తాను పోసుకోగలదు కనుక భరణం అక్కర్లేదు. షాపులో పనిచేసినట్టు కాగితం లేదు, రసీదు భర్త పేరున ఉంది కనుక మిషను ఆయనదే.

"కుట్టగలనని నమ్మారు, కుట్టానని నమ్మలేదా మేడమ్?"

"కాగితం లేదక్కా," అంటూ లాయరు తర్వాతి కేసు ఫైలు తీసింది.

సోమవారం ఆమె ఊరి చివరి చొక్కాల కంపెనీకి వెళ్లింది.

"ఏం పనొచ్చు?" అన్నాడు సూపర్వైజరు.

"కాలర్లు వేస్తా."

"ఎక్కడ చేశావు? సర్టిఫికెట్టేదీ?"

ఆమె దగ్గర లేదు. చివరి బల్ల చూపించాడు. సూది, దారం అక్కడే ఉన్నాయి.

మొదటి రోజు ఆమె కుట్టినవి నాలుగు వందల పన్నెండు గుండీలు.