ఢిల్లీ నుంచి రెండు గంటలేనని చెప్పాను

మా చిన్నప్పుడు... చర్ల సంతకు బయల్దేరేటప్పుడు మరియమ్మక్క ఓ పచ్చి కొమ్మ విరిచి చేత పట్టుకునేది. ఆకులు వాడిపోతే ఒక కోసు నడిచినట్టు లెక్క. అది పారేసి ఇంకోటి విరిచేది. అడవిలో మా పల్లె నుంచి సంతకు మూడు కొమ్మల దూరం...

అమ్మ లేదు మాకు. తమ్ముడు దానియేలు అక్క చంకలో ఉండేవాడు. వెనకాల నేను.

"ఇంకెంత దూరమే అక్కా?" అని నేను మొహం ముడిస్తే, దారి పక్కన పడున్న ఎండుకొమ్మ తీసి చూపించేది.

"సూడు, వాడిపోయింది. వచ్చేసినం."

"గిది నువ్వు విరిచింది కాదు!"

"పెద్ద పోలీసోడు బయల్దేరిండు... నడువ్‌రా!"

తమ్ముణ్ణి అట్లా మోసి, కూలి చేసి చదివించింది. వాడికి ఢిల్లీలో ఉద్యోగమొచ్చింది. అక్క పెళ్ళి చేసుకోలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు అక్క మంచాన పడింది. దవాఖానాలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. "దాన్యేలును ఒక్కపారి సూపియ్‌రా" అనేది... ఇంకేమీ అడగలేదు.

ఓ పొద్దున చర్లలో ఎస్టీడీ బూత్ నుంచి తమ్ముడికి ఫోన్ చేశాను.

"అన్నా, ఇయ్యాల్నే విమానం ఎక్కుతున్న. ఢిల్లీ నుంచి హైదరాబాదుకు రెండు గంటలే. అక్కకు చెప్పు" అన్నాడు.

సైకిల్ మీద ఉరుకులు... గడప దాటకముందే చెప్పాను. "అక్కా, తమ్ముడు రెండు గంటల్ల వస్తడట!"

"గంత జల్దా? వానికి రెక్కలు మొలిచినయా ఏంది?" అని నవ్వింది. చాలా రోజులకు నవ్వింది... నా భార్యతో తల దువ్వించుకుంది. జావ ఇస్తే, వాడొచ్చినంక తాగుతానంది.

విమానం మా వాకిట్లో దిగదని నాకు తెలియదా? తెలుసు. కానీ మా ఇంట్లో "ఎంతసేపు" అంటే ఇంటి నుంచి ఇంటికి చేరేదాకా అనే లెక్క. హైదరాబాదు నుంచి భద్రాచలం, అక్కడి నుంచి చర్ల, ఆ గుంతల రోడ్డు... ఇవేవీ ఆ నోటి మాటలో లేవు.

రెండు గంటలైంది. "యాడిదాక వచ్చిండురా?" అంది.

"దగ్గరికొచ్చిండక్కా."

మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను. మూడోసారి అడగలేదు. "పనోడు... తీరలేదేమోలే" అని గోడ వైపు తిరిగింది. మధ్యాహ్నం దాటాక పోయింది. జావ అట్లాగే ఉంది...

తమ్ముడు మర్నాడు పొద్దున దిగాడు. భద్రాచలం చేరేసరికి చర్ల బస్సులన్నీ అయిపోయాయట.

"నేను వస్తున్ననని అక్కకు తెలుసా అన్నా?"

"తెలుసురా" అన్నాను. అంతవరకే చెప్పాను.

ఇప్పుడు దూరాలన్నీ తగ్గాయంటారు... నిజమే కావచ్చు. మీలో ఎవరైనా ఇట్లా ఎవరికైనా గడువు చెప్పి ఎదురుచూసేట్టు చేశారా? ఉంటే రాయండి... వాడిక రాడనుకుని అక్క గోడ వైపు తిరిగిన సంగతి, తమ్ముడికి నేనింకా చెప్పలేదు.