సత్యప్రసాద్ ట్రయల్ గుడ్లు

సత్యప్రసాద్ ఏ పనీ నేరుగా చెయ్యడు. ముందు ట్రయల్ వేస్తాడు. చమురు కంపెనీలో సేఫ్టీ ఇంజనీరు కదా, ఉద్యోగం ముదిరి అలా అయ్యాడని కువైత్ స్నేహితులు అనుకుంటారు. ఆ జబ్బు ఉద్యోగం కన్నా పాతదని భార్య రాజ్యశ్రీకి తెలుసు. విజయవాడలో పెళ్లిచూపులకు ముందు రోజే ఆ మహానుభావుడు వాళ్ళ వీధికి వచ్చి, ఎదురింటి కుక్క స్వభావం విచారించి వెళ్ళాడు.

సెలవుకి ఊరెళ్ళాలంటే, ప్రయాణం ముందు రోజు సూట్‌కేసులన్నీ కారెక్కించి ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళి, బుద్ధిగా మంగఫ్‌లోని ఇంటికి తిరిగొచ్చేస్తాడు. ఆ పెట్టెలు మళ్ళీ మెట్ల మీదుగా మోయాలి. లిఫ్టు ఉంది కదా అంటారేమో, అది ఆగిపోతే ఏం చేయాలన్నది ఇంకో ట్రయల్.

అలాంటి మనిషి చేతికి బ్రిటన్ వాళ్ళ స్కాచ్ ఎగ్ చిక్కింది.

కూతురు ప్రజ్ఞ చదివే స్కూల్లో చీట్లు తీసి పిల్లలకు తలా ఒక దేశం ఇచ్చారు. ఆ దేశపు తినుబండారం ఇంట్లో చేయించి తెచ్చి, అందరి ముందూ నిలబడి ఎలా చేస్తారో చెప్పాలి. ప్రజ్ఞకు బ్రిటన్ వచ్చింది, దాంతో పాటు కడుపునొప్పీ వచ్చింది. ఇంట్లో వసపిట్ట, గడప దాటితే నోరు పెగలదు. పోయినసారి ఇలాగే నిలబెడితే ఏడ్చేసి కూర్చుంది. ఈసారీ అలాగే అయితే ఇక స్కూలుకే వెళ్ళనని తేల్చి చెప్పింది. రాజ్యశ్రీకి నిజంగానే భయమేసింది.

"దానికేముంది, ట్రయల్ వేద్దాం," అన్నాడు సత్యప్రసాద్.

వెంటనే జమియా సూపర్‌మార్కెట్‌కి పరుగెత్తి గుడ్లు, చికెన్ సాసేజీలు, బ్రెడ్డు పొడి తెచ్చాడు. ఉడికిన గుడ్డుకు సాసేజీ ముద్ద చుట్టి, పిండిలోనూ గిలకొట్టిన గుడ్డులోనూ బ్రెడ్డు పొడిలోనూ దొర్లించి నూనెలో వేయించాలి. అంతే పని. కాని మనిషి ఒకచోట నిలబడితేగా. మూకుడు నుంచి కిటికీకి, కిటికీ నుంచి మూకుడుకి పచార్లు. పైగా గుడ్డు చేతికి రాగానే పులుసు అలవాటు కొద్దీ నాలుగు గాట్లు పెట్టేశాడు.

"గాట్లెందుకండీ? ఇదేమన్నా పులుసా?"

"ఉప్పు లోపలికి పోవద్దూ?"

నూనెలో పడగానే ముద్దది ఒక దారి, గుడ్డుది ఒక దారి అయింది.

"ట్రయలే కదా," అన్నాడు నిబ్బరంగా. "ప్రజ్ఞా, పళ్ళెం పట్టుకెళ్ళి పక్క ఫ్లాట్‌లో ఇచ్చి రా. ఇదేంటని అడుగుతారు, చెప్పాలి మరి. చెప్పకపోతే ఎవరు తింటారు?"

ఈ పగిలిన గుడ్లు ఊరికి పంచడమా అని రాజ్యశ్రీకి తల కొట్టేసినట్టయింది. తలుపు సందులోంచి చూసింది. పక్క ఫ్లాట్ వెంకటసత్యనారాయణ గారు పళ్ళెంలోకి తొంగి చూశారు.

"ఏంటమ్మా ఇది?"

"స్కాచ్ ఎగ్, అంకుల్," అంది ప్రజ్ఞ, తన చెప్పులతో చెబుతున్నట్టు.

"స్కాచా? కువైత్‌లోనా?"

"కాదంకుల్. గుడ్డే. విరిగిపోయింది."

అంత మాత్రం అనేసి ఇంట్లోకి పరుగు.

మర్నాడు ఇంకో ట్రయల్. ఆ మర్నాడు ఇంకోటి. రోజూ గుడ్లు పగిలేవి, లేకపోతే మాడేవి. రోజూ ప్రజ్ఞ పళ్ళెంతో కొత్త గుమ్మం ముందు నిలబడేది. కర్టెన్ల నుంచి దిండ్ల దాకా ఇల్లంతా నూనె వాసన. శనివారం గుడ్డు ముట్టని రాజ్యశ్రీ ఆ రోజు వంటింట్లోకి వెళ్ళలేక హాల్లో కూర్చొని పళ్ళు నూరింది.

"ఇంజనీరింగ్ చదివారు, గుడ్డు చుట్టడం రాదేంటండీ మీకు?"

"వస్తుంది. తొందరేముంది?" అన్నాడు, హాల్లో మూడో చుట్టు తిరుగుతూ.

కింద వాచ్‌మన్ అబ్దుల్ హమీద్ అయితే కుర్చీ వేసుకుని మరీ ఎదురుచూడసాగాడు. "బేటీ, బ్రెడ్డు పొడి ముందా, గుడ్డు ముందా?" అని రోజూ హిందీలో అదే ప్రశ్న. ప్రజ్ఞ నడుం మీద చెయ్యి వేసుకుని, "నిన్ననే చెప్పా కదా భాయ్," అని మొదటి నుంచీ అందుకునేది.

స్కూల్లో చెప్పాల్సిన ముందు రోజు రాజ్యశ్రీ బయటి నుంచి పెందలాడే వచ్చి వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. పళ్ళెంలో ఉండలు ఎర్రగా, గుండ్రంగా, ఎక్కడా చిన్న పగులు లేకుండా ఉన్నాయి. సత్యప్రసాద్ వాటిని ఒక్కొక్కటిగా గరిటె కాడతో పొడిచి పగలగొడుతున్నాడు.

"ఏం చేస్తున్నారండీ?"

పిల్లదొంగలా ఉలిక్కిపడ్డాడు. "గట్టిగా అరవకు. ఇవి రెండో రోజే కుదిరాయి."

"మరి ఇన్నాళ్ళూ?"

"బాగా వస్తే ట్రయల్ ఆపెయ్యాలి కదా. పిల్లకింకా పై అంతస్తు మిగిలుంది. అక్కడ మనకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. వాళ్ళకు చెప్పగలిగితే క్లాసులో చెప్పేస్తుంది."

రాజ్యశ్రీకి తిట్టాలో నవ్వాలో తెలియలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి మీద ఇంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు. పైకి మాత్రం, "అదిగో, ఆ చివరిది వదిలేశారు. దాన్నీ పొడవండి," అంది.

మర్నాడు సత్యప్రసాద్ సెలవు పెట్టి, ప్రజ్ఞకు పగలని గుడ్లు కట్టిచ్చి పంపాడు. స్కూలు బస్సు తిరిగి వచ్చే దాకా బాల్కనీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. ప్రజ్ఞ బూట్లయినా విప్పకుండా లోపలికొచ్చింది.

"టీచర్ చాలమ్మా చాలమ్మా అంటూనే ఉంది నాన్నా. నేనే ఆపలేదు. పిండి అద్దకపోతే ఏమవుతుందో చెప్పాలి కదా."

"ఏడవలేదుగా?" అంది రాజ్యశ్రీ.

"నేనెందుకేడుస్తా? పాపం మా క్లాసు ఇఫ్ఫత్ ఏడ్చింది. లేచి నిలబడి ఒక్క ముక్కా చెప్పలేకపోయింది. వచ్చే వారం చెప్పమంది టీచర్."

సత్యప్రసాద్ ఏదో అనబోయాడు. ఈలోపే రాజ్యశ్రీ కూతుర్ని దగ్గరకు లాక్కుంది.

"ఇఫ్ఫత్ వాళ్ళ బిల్డింగ్‌కి ఎన్ని అంతస్తులో కనుక్కున్నావా?"