చాందిని కుంటిందా, ఎగిరిందా?

గుర్రాల ఆపరేషన్లు చేసే మా యూనివర్సిటీ ప్రొఫెసర్ గారి వెంట ఈ రోజు వనపర్తి పశువుల దవాఖానకు వెళ్లాను. గుర్రపు నడకలో తేడా పసిగట్టడమే ఆయన పరిశోధన.

ఆత్మకూరు ఖాజా చాచా తన పెళ్లి ఊరేగింపుల గుర్రం చాందినిని తీసుకొచ్చాడు. అది కుంటుతోంది. ఆపరేషన్ అంటారేమోనని ఆయన ముఖం వాడిపోయింది. ఏ కాలో తెలియాలంటే గుర్రం నడవాలి. చాందిని అడుగు కూడా కదపలేదు.

"బ్యాండు లేంది కదలది సార్," అన్నాడు చాచా.

నేను ఫోన్‌లో పెళ్లి బ్యాండు పెట్టాను. అంతే, చాందిని మెడ ఎగరేసి చిందులు మొదలుపెట్టింది!

సారు తల పట్టుకున్నారు. "ఇందుల కుంటుడేది, ఎగురుడేది ఖాజా భాయ్?"

"నాకేమెరుక సార్! ఎగురుడు నేను నేర్పిన. కుంటుడు అదే నేర్చుకున్నది."

సారు పడిపడి నవ్వి, బ్యాండు ఆపించి, ఒక్కో డెక్కనూ పట్టకారుతో నొక్కారు. ముందరి ఎడమ కాలి డెక్క నొక్కగానే చాందిని కాలు లాక్కుంది. లోపల చీము పట్టింది. చిన్న గాటు పెట్టగానే బయటికి వచ్చేసింది. ఆపరేషన్ అక్కర్లేదనగానే చాచా సారును గట్టిగా కౌగిలించుకున్నాడు.

డెక్కలు ముందే నొక్కితే సరిపోయేది కదా సార్ అని అడగాలనిపించింది. కానీ నా మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. మీరైతే అడిగేవారా?